కువైట్‌కు వెళ్తున్నారా? వీసా నంబర్ చూసుకోవడం నుంచి ఫైనల్ ఎగ్జిట్ దాకా

మా రాజంపేట చుట్టుపక్కల ఊళ్లలో కువైట్‌తో సంబంధం లేని ఇల్లు వెతికి పట్టుకోవాలి. అన్న అక్కడుంటాడు, లేకపోతే మేనత్త, లేకపోతే అల్లుడు. రాయచోటి, పులివెందుల, ఇటు చిత్తూరు, అటు నరసాపురం, పాలకొల్లు, రాజోలు వైపు కూడా ఇంతే. ఇంతమంది వెళ్లొచ్చినా కొత్తగా బయల్దేరేవాళ్లు మాత్రం అవే తప్పులు చేస్తున్నారు. నేనూ చేశాను. షాపులో పని అని చెప్పి పంపిస్తే, దిగాక తెలిసింది నాది ఇంటి పని వీసా అని. మూడేళ్లు ఒక ఇంట్లో డ్రైవర్‌గా చేసి, తర్వాత ఎలాగో కంపెనీ వీసాకు మారాను. ఆ మూడేళ్లు నాకు నేర్పిందే ఈ వ్యాసం. ఏ మెట్టు దగ్గర ఏం చూసుకోవాలో వరసగా చెబుతాను.

ముందు ఊరి గురించి నాలుగు మాటలు

కువైట్ అంటే దేశం పేరూ అదే, రాజధాని పేరూ అదే. దేశం మొత్తం కలిపినా మన పాత ఉమ్మడి కడప జిల్లా కంటే కాస్త పెద్దది, అంతే. జనాభా 50 లక్షలకు దగ్గరగా ఉంటుంది. అందులో ముగ్గురిలో ఇద్దరికి పైగా బయటి దేశాలవాళ్లే. మన భారతీయులే సుమారు పది లక్షల మంది.

ఒకప్పుడు ఇది ముత్యాల కోసం సముద్రంలో మునిగేవాళ్ల ఊరు. చెక్క ఓడల మీద మన మలబారు తీరానికి వచ్చి కలప కొనుక్కుపోయేవాళ్లు. 1938లో బుర్గాన్ దగ్గర చమురు పడింది. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక 1946లో మొదటి ఓడ చమురుతో బయల్దేరింది. 1961లో స్వాతంత్ర్యం వచ్చి సొంత దినార్ వచ్చేదాకా అక్కడ చెల్లింది రూపాయే. ఈ సంగతి చెబితే ఇప్పటి పిల్లలు నమ్మరు. ఇప్పుడు ఒక్క దినార్‌కు 270 రూపాయల పైమాటే.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం వచ్చిపడింది. లక్షన్నరకు పైగా భారతీయులను విమానాల్లో వెనక్కి తీసుకొచ్చారు. 1991 ఫిబ్రవరి 26న విముక్తి. అందుకే ఫిబ్రవరి 25, 26 తేదీల్లో దేశమంతా పండగ. మన పాతతరం వాళ్లను కదిపితే ఆ రోజుల కథలు చెబుతారు. శ్రద్ధగా వినండి.

పాత ఊరికి ఒక మట్టిగోడ ఉండేది. 1957లో దాన్ని కూలగొట్టారు. అక్కణ్ణుంచి బయటికి ఒకదాని తర్వాత ఒకటి రింగ్ రోడ్లు వేసుకుంటూ పోయారు. ఎవరైనా "నాలుగో రింగ్ రోడ్డు, 30వ నంబర్ రోడ్డు" అని చెబితే మీకు దిక్కు తెలియాలి. సిటీ నుంచి సముద్రం వెంబడి దక్షిణంగా ఫహాహీల్ వైపు పోయేది 30వ నంబర్ రోడ్డు. చిరునామా చెప్పేటప్పుడు ఏరియా, బ్లాక్, వీధి, బిల్డింగ్ నంబర్ ఇదే వరస. మొదటి వారంలోనే మీ చిరునామాను నోటికి నేర్చుకోండి.

మొదటి మెట్టు: వీసా మీద ఉన్న నంబర్ చూడండి

ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదివే టైం ఉంటే ఇది చదవండి. కువైట్‌లో మీ జీతం, సెలవు, ఏ చట్టం మీకు వర్తిస్తుంది, ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలి అన్నవన్నీ వీసా నంబర్‌ను బట్టి ఉంటాయి.

18 నంబర్ ప్రైవేటు కంపెనీ వీసా. మనవాళ్లు దీన్ని షూన్ వీసా అంటారు. 20 నంబర్ ఇంటి పని వీసా, ఖాదిమ్ వీసా అనేది ఇదే. వంటమనిషి, ఇల్లు చూసుకునే ఆడమనిషి, హౌస్ డ్రైవర్, తోటమాలి అందరూ ఇందులోకే వస్తారు. 17 ప్రభుత్వ ఉద్యోగులది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో పనిచేసే మన నర్సులది ఇదే. 22 నంబర్ కుటుంబ వీసా.

ఏజెంటు నోటితో ఏం చెప్పినా, కాగితం మీద 20 ఉంటే మీరు ఒక ఇంటి యజమాని కింద పనివాళ్లు. ఆ కఫీల్, అంటే మీ పేరున వీసా తీసిన యజమాని ఇంట్లో తప్ప బయట షాపులోనో, హోటల్లోనో పనిచేస్తే నేరం. పట్టుబడితే వేలిముద్రలు తీసుకుని పంపించేస్తారు, మళ్లీ రానివ్వరు. 20 నుంచి 18కి మారడానికి ప్రభుత్వం అప్పుడప్పుడు గడువు పెట్టి అవకాశం ఇస్తుంది. 2024లో జులై నుంచి సెప్టెంబర్ దాకా అలా ఇచ్చింది. దానికీ షరతులు ఉంటాయి. "వెళ్లాక మార్చుకోవచ్చులే" అన్న మాట మీద విమానం ఎక్కవద్దు.

ఇక ఫ్రీ వీసా, ఆజాద్ వీసా. కువైట్ చట్టంలో అలాంటి వీసా ఏదీ లేదు. ఎవరో ఒక కఫీల్ పేరు మీద వీసా కొనుక్కుని, ఏటా అతనికి డబ్బు కట్టి, బయట దొరికిన పని చేసుకోవడాన్నే అలా పిలుస్తున్నారు. 2025 జనవరి నుంచి అమలులోకి వచ్చిన కొత్త నివాస చట్టంలో వీసాలు అమ్మేవాళ్లకు జైలు, వేల దినార్ల జరిమానా పెట్టారు. కొన్నవాళ్లకు మిగిలేది అప్పు. మూడు, నాలుగు లక్షలు వడ్డీకి తెచ్చి ఫ్రీ వీసా మీద వచ్చిన పిల్లలను చూశాను. మొదటి ఏడాది జీతమంతా వడ్డీకే పోయేది. ఆ టెన్షన్ పగవాళ్లకు కూడా వద్దు.

కంపెనీ వీసా అయినా హోదా, అంటే కాగితం మీద రాసిన పని పేరు చూడాలి. ఎలక్ట్రీషియన్‌గా వెళ్తూ కాగితం మీద క్లీనర్ అని ఉంటే జీతం లెక్క, తర్వాతి వీసా మార్పు అన్నీ దాని మీదే పడతాయి. ఇంజినీర్లకు ఇంకో సంగతి. కువైట్ ఇంజినీర్ల సంఘం మీ డిగ్రీని ఒప్పుకుంటేనే ఇంజినీర్ హోదాతో అకామా, అంటే నివాస అనుమతి కొడతారు. మీ కాలేజీ కోర్సుకు ఎన్‌బీఏ (మన దేశంలో సాంకేతిక కోర్సులను గుర్తించే బోర్డు) గుర్తింపు ఉందా లేదా అన్నది అక్కడ చూస్తారు. 2018లో ఈ నిబంధనతో మన ఇంజినీర్లు చాలామంది హోదా మార్చుకోవాల్సి వచ్చింది. ఆఫర్ ఒప్పుకోకముందే ఈ విషయం తేల్చుకోండి.

రెండో మెట్టు: ఏజెంటు, కాగితాలు

పదో తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్టు ఈసీఆర్, అంటే ఎమిగ్రేషన్ తనిఖీ అవసరమైనవాళ్ల కింద ఉంటుంది. వాళ్లు కువైట్‌లో పనికి వెళ్లాలంటే మన విదేశాంగ శాఖ వెబ్‌సైట్ ఈ-మైగ్రేట్ ద్వారా ఎమిగ్రేషన్ క్లియరెన్స్ ఉండి తీరాలి. దీనికి ప్రొటెక్టర్ ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది. ఈ క్లియరెన్స్‌ను అడ్డంకి అనుకునేవాళ్లు ఎక్కువ. నిజానికి మీ జీతం, మీ యజమాని ఎవరన్నది మన ప్రభుత్వం దగ్గర రాతపూర్వకంగా నమోదయ్యే ఏకైక చోటు అదే. విజిట్ వీసా మీద పంపి అక్కడ మారుస్తామన్నా, వేరే దేశం మీదుగా తిప్పి పంపుతామన్నా ఒప్పుకోవద్దు.

ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడవచ్చు. లైసెన్సు ఉన్న ఏజెంటు మీ దగ్గర తీసుకోగలిగింది గరిష్ఠంగా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. రసీదు ఇవ్వాలి. ఊళ్లో తిరిగే సబ్ ఏజెంటుకు లైసెన్సు ఉండదు. అతను మీ చుట్టమైనా సరే, రసీదు లేకుండా డబ్బు ఇవ్వకండి.

ఇంటి పనికి వెళ్లే ఆడవాళ్లకు నిబంధనలు ఇంకా గట్టిగా ఉన్నాయి. ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న మహిళకు కనీసం 30 ఏళ్లు నిండాలి. ప్రైవేటు ఏజెంటు పంపడానికి వీల్లేదు. 2016 నుంచి ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్లాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఓంకాప్, తెలంగాణలో టామ్‌కామ్ ఆ సంస్థలు. గోదావరి జిల్లాల నుంచి వయసు మార్చిన పాస్‌పోర్టుతో, విజిట్ వీసాతో వెళ్లిన అక్కచెల్లెళ్లు కష్టం వచ్చినప్పుడు ఏ లెక్కలోనూ కనపడరు. వాళ్లను వెతకడమే కష్టమవుతుంది.

ప్రవాసీ భారతీయ బీమా యోజన మరవకండి. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375 రూపాయలు ప్రీమియం, పన్ను అదనం. ప్రమాదంలో మరణిస్తేనో, శాశ్వత వైకల్యం వస్తేనో 10 లక్షల కవర్. ఆంధ్రప్రదేశ్ వాళ్లకు ప్రవాసాంధ్రుల కోసం ఉన్న ఏపీఎన్ఆర్టీ సొసైటీ నడిపే ప్రవాసాంధ్ర భరోసా బీమా కూడా ఉంది.

మెడికల్ పరీక్ష గల్ఫ్ దేశాలు గుర్తించిన సెంటర్‌లోనే చేయించాలి. ఎప్పుడో చిన్నప్పుడు టీబీ వచ్చి తగ్గిన మచ్చ ఎక్స్‌రేలో ఉంటే ముందే పెద్ద డాక్టర్‌కు చూపించుకోండి. ఇక్కడ ఎవరికో డబ్బిచ్చి పాస్ చేయించుకున్నా కువైట్‌లో దిగాక మళ్లీ పరీక్ష చేస్తారు. అక్కడ ఫెయిలైతే తిరుగు విమానమే.

బయల్దేరే ముందు పాస్‌పోర్టు, వీసా, కాంట్రాక్టు, మెడికల్ రిపోర్టు అన్నిటికీ ఫోటోలు తీసి ఇంట్లో ఒకరి ఫోన్‌లో పెట్టండి. కఫీల్ పేరు, కంపెనీ పేరు, ఫోన్ నంబర్ ఒక నోట్‌బుక్‌లో రాసి అమ్మకో, భార్యకో ఇవ్వండి. ఫోన్ పోయినా ఆ కాగితం ఉంటుంది.

మూడో మెట్టు: పెట్టె సర్దడం

కువైట్ అంటే ఎండే అనుకుని స్వెటర్ లేకుండా వస్తారు. డిసెంబర్, జనవరి రాత్రుళ్లు చలి ఎముకలు కొరుకుతుంది. ఒక మంచి స్వెటర్, ఒక దుప్పటి పెట్టుకోండి. అక్కడి ప్లగ్గులు చదరపు మూడు పిన్నులవి, మన ఛార్జర్లు సరిగా పట్టవు.

పచ్చళ్లు, కందిపొడి, చింతపండు తీసుకెళ్లండి, గట్టిగా ప్యాక్ చేసి. గసగసాలు మాత్రం ఒక్క చెంచా కూడా వద్దు. మన మసాలాలో అది మామూలు దినుసు, గల్ఫ్ కస్టమ్స్‌కు మత్తుమొక్క గింజ. ఇంట్లో చేసిన మసాలా పొడిలో కలిసి ఉందేమో అమ్మను అడిగి మరీ చూసుకోండి. గుట్కా, ఖైనీ వద్దు. మద్యం దేశంలోనే పూర్తిగా నిషేధం, విమానాశ్రయంలోనూ దొరకదు. నొప్పి మాత్రల్లో, నిద్ర మాత్రల్లో కొన్ని అక్కడ నిషేధిత జాబితాలో ఉంటాయి. ట్రమడాల్, కోడీన్ ఉన్నవి ముఖ్యంగా. రోజూ వాడే మందులుంటే డాక్టర్ చీటీ, బిల్లు వెంట ఉంచుకోండి.

విమానాశ్రయంలో ఎవరో వచ్చి "మా తమ్ముడికి ఈ ప్యాకెట్ ఇవ్వన్నా, పచ్చడి" అంటారు. మీ చేతుల్తో విప్పి చూడనిది ఏదీ మీ పెట్టెలోకి రాకూడదు. మత్తుమందు రవాణాకు కువైట్‌లో మరణశిక్ష దాకా ఉంది. ఆ తమ్ముడు ఎవరో మీకు తెలియదు, కేసు మాత్రం మీ పేరు మీదే పడుతుంది.

నాలుగో మెట్టు: దిగిన మొదటి రెండు నెలలు

హైదరాబాద్ నుంచి అయినా, చెన్నై నుంచి అయినా ప్రయాణం సుమారు నాలుగున్నర, ఐదు గంటలు. గడియారం రెండున్నర గంటలు వెనక్కి తిప్పుకోండి. మీ కంపెనీ మనిషో, కఫీలో వచ్చి తీసుకెళ్తారు. ఇంటి పనికి వచ్చినవాళ్లను ముందు మక్తబ్‌కు, అంటే అక్కడి రిక్రూట్‌మెంట్ ఆఫీసుకు తీసుకెళ్లవచ్చు.

తర్వాత వరస ఇలా ఉంటుంది: మెడికల్, వేలిముద్రలు, హెల్త్ ఇన్సూరెన్స్, అకామా, చివరికి సివిల్ ఐడీ అనే గుర్తింపు కార్డు. మనవాళ్ల నోట్లో అది బతాకా. దాని మీద 12 అంకెల నంబర్ ఉంటుంది. బ్యాంకు, ఆసుపత్రి, సిమ్, ఇల్లు ఏం కావాలన్నా ఆ నంబరే. ఈ ఫీజులు కంపెనీ కట్టాలి. మీ జీతంలో కోస్తే అడగండి.

బతాకా రాగానే రెండు యాప్‌లు ఫోన్‌లో వేసుకోండి. ఒకటి కువైట్ మొబైల్ ఐడీ, రెండోది ప్రభుత్వ సేవల యాప్ సాహెల్. సాహెల్‌లో మీ అకామా ఎప్పటిదాకా ఉంది, వర్క్ పర్మిట్‌లో జీతం ఎంత రాశారు, మీ మీద పరారీ కేసు (పని వదిలి పారిపోయారని యజమాని ఇచ్చే ఫిర్యాదు) ఏమైనా పెట్టారా, ట్రాఫిక్ జరిమానాలున్నాయా అన్నీ కనపడతాయి. చదువు రానివాళ్లకు పక్క గదిలోవాళ్లు చూసిపెట్టాలి. మా గదిలో ప్రతి శుక్రవారం ఒకరి ఫోన్ ఒకరం చూసుకునేవాళ్లం. అకామా గడువు దాటిపోతున్న ఇద్దరిని అలాగే కాపాడుకున్నాం.

పాస్‌పోర్టు మీ ఆస్తి. యజమాని దగ్గర పెట్టుకోవడం అక్కడి చట్టం ప్రకారమే తప్పు. అయినా అడిగి తీసుకుంటూనే ఉంటారు. కొత్తగా వచ్చినవాళ్లు గొడవ పడలేరు, నాకు తెలుసు. కనీసం అకామా పని అయిపోయాక "బాబా (ఇంటి యజమానిని పిలిచే మాట), నా పాస్‌పోర్టు" అని మర్యాదగా, మళ్లీ మళ్లీ అడగండి. ఫోటో కాపీ ఎప్పుడూ దగ్గర ఉండాలి.

ఐదో మెట్టు: ఎక్కడ ఉండాలి

కంపెనీ గది ఇస్తే మంచిదే, డబ్బు మిగులుతుంది. సొంతంగా వెతుక్కోవాలంటే మన తెలుగువాళ్లు, మలయాళీలు ఎక్కువ ఉండేది జలీబ్‌లోని అబ్బాసియా, హసావీ, ఖైతాన్, ఫర్వానియా. చమురు కంపెనీలు, కాంట్రాక్టు పనులు దక్షిణం వైపు కాబట్టి అక్కడ పనిచేసేవాళ్లు మంగఫ్, మహబూలా, ఫహాహీల్, అబూ హలీఫాలో ఉంటారు. కుటుంబంతో, కాస్త మంచి జీతంతో ఉంటే సాల్మియా. అక్కడ సముద్రం, బజారు, భారతీయ స్కూళ్లు దగ్గర. కువైటీ కుటుంబాలు ఉండే ఏరియాల్లో బ్యాచిలర్లు అద్దెకు ఉండటం చట్టవిరుద్ధం. తక్కువకు వస్తుందని అలాంటిచోట చేరకండి.

బెడ్ స్పేస్, అంటే గదిలో ఒక మంచం అద్దెకు తీసుకునేటప్పుడు మంచం ఎక్కడ, ఏసీ ఉందా అని చూస్తారు. నేను చెప్పేది, ముందు తలుపులు చూడండి. 2024 జూన్ 12 తెల్లవారుజామున మంగఫ్‌లో కార్మికులు ఉండే భవనం కాలిపోయింది. 50 మంది దాకా చనిపోయారు, వాళ్లలో 45 మంది భారతీయులు. మన ఆంధ్రావాళ్లూ ఉన్నారు. కింది అంతస్తులో షార్ట్ సర్క్యూట్‌తో మొదలైందని అధికారులు చెప్పారు. చాలామంది ప్రాణం తీసింది పొగ. మెట్ల దగ్గర గ్యాస్ సిలిండర్లు పేర్చారా, మేడ మీది తలుపుకు తాళం ఉందా, గదిని చెక్క పలకలతో ముక్కలు చేశారా, ఒకే ప్లగ్గుకు ఎన్ని వైర్లు తగిలించారు, ఇవి చూశాకే అడ్వాన్స్ ఇవ్వండి. అయిదు దినార్లు ఎక్కువైనా బయటికి దారి ఉన్న గది తీసుకోండి.

రోజువారీ సరుకులకు ప్రతి ఏరియాలో జమియా ఉంటుంది, అంటే సహకార సంఘం సూపర్ మార్కెట్. ధరలు నమ్మదగినవి. చిన్న కొట్టును బకాలా అంటారు. వేడి ఖుబ్జ్ రొట్టె చాలా చవక, ఆకలికి అదే దిక్కు. మెట్రో లేదు, బస్సులే. వాట్సాప్ కాల్స్ పనిచేస్తాయి, ఇంటికి వీడియో కాల్‌కు ఇబ్బంది లేదు.

ఆరో మెట్టు: మీ హక్కుల లెక్క

18 నంబర్ వాళ్లకు వర్తించేది 2010 నాటి 6వ నంబర్ కార్మిక చట్టం. రోజుకు 8 గంటలు, వారానికి 48. రంజాన్‌లో వారానికి 36. అంతకు మించితే ఓవర్‌టైంకు మామూలు జీతం మీద 25 శాతం అదనం. ఏడాదికి 30 రోజుల జీతంతో సెలవు. ప్రొబేషన్ 100 పనిరోజులకు మించకూడదు. జీతం బ్యాంకులో వేయాలి. చేతికి ఇస్తామంటే ఒప్పుకోవద్దు, రేపు సాక్ష్యం ఉండదు.

సర్వీసు డబ్బు, అంటే పని ముగిశాక కంపెనీ ఇవ్వాల్సిన డబ్బు గురించి చాలామందికి తెలియదు. నెల జీతం వాళ్లకు మొదటి అయిదేళ్లకు ఏడాదికి 15 రోజుల జీతం, ఆ తర్వాత ప్రతి ఏడాదికి నెల జీతం. ఒక నెలను 26 పనిరోజులుగా లెక్కిస్తారు. ఉదాహరణకు 120 దినార్ల జీతంతో ఆరేళ్లు చేశారనుకుందాం. 120ని 26తో భాగించి 15తో హెచ్చిస్తే ఏడాదికి సుమారు 69 దినార్లు, అయిదేళ్లకు 346. ఆరో ఏడాదికి 120. మొత్తం 466 దినార్లు. కంపెనీ తీసేస్తే ఇదంతా రావాలి. మీరే రాజీనామా చేస్తే మూడేళ్ల లోపు ఏమీ రాదు, మూడు నుంచి అయిదేళ్లకు సగం, అయిదు నుంచి పదేళ్లకు మూడింట రెండు వంతులు, పదేళ్లు దాటితే పూర్తిగా. అంటే నాలుగేళ్ల పదినెలలకు కోపంలో రాజీనామా రాసినవాడు రెండు నెలలు ఆగి ఉంటే ఎంత వచ్చేదో లెక్క వేసుకోండి.

20 నంబర్ వాళ్లకు వేరే చట్టం, 2015 నాటి 68వ నంబర్‌ది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు. వారానికి ఒక రోజు సెలవు, ఏడాదికి 30 రోజులు జీతంతో సెలవు, పని ముగిశాక ఏడాదికి ఒక నెల జీతం చొప్పున సర్వీసు డబ్బు. వారపు సెలవు ఇవ్వని ఇళ్లు ఉన్నాయి, నిజమే. అయినా చట్టంలో ఉందని తెలిసిన మనిషి అడిగే తీరు వేరుగా ఉంటుంది. ఇంటి పనికి వెళ్తున్న అక్కలకు ఒక మాట: జీతం తీసుకున్న ప్రతి నెలా తేదీ, మొత్తం ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. "మామా (ఇంటి యజమానురాలు) దగ్గరే ఉంచాను, వెళ్లేటప్పుడు ఇస్తుంది" అని రెండేళ్ల జీతం వదిలేసినవాళ్లను చూశాను.

కుటుంబాన్ని తెచ్చుకోవాలంటే నెల జీతం 800 దినార్లు ఉండాలని 2024 నిబంధన. కొన్ని వృత్తులకు మినహాయింపులున్నాయి. డ్రైవింగ్ లైసెన్సుకూ మామూలు ఉద్యోగులకు 600 దినార్ల జీతం, డిగ్రీ, రెండేళ్ల నివాసం కావాలి. డ్రైవర్ హోదాతో వచ్చినవాళ్లకు ఇవి వర్తించవు.

ఏడో మెట్టు: ఎండను తక్కువగా చూడవద్దు

2016 జులై 21న కువైట్‌లోని మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. ఆసియాలోనే రికార్డు. మన రెంటచింతల, రామగుండం ఎండలు చూసినవాళ్లకు కూడా ఇది కొత్త. జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా ఉదయం 11 నుంచి సాయంత్రం 4 దాకా ఆరుబయట పని చేయించడం నిషేధం. చేయిస్తే ఫిర్యాదు ఇవ్వవచ్చు. దాహం వేసేదాకా ఆగకుండా నీళ్లు తాగండి. మూత్రం ముదురు పసుపు రంగులో వస్తే ఒంట్లో నీరు తగ్గినట్లే. తల తిరిగినా, చెమట ఆగిపోయినా నీడలోకి వచ్చి పక్కవాళ్లను పిలవండి. అత్యవసర నంబర్ 112. దుమ్ము తుఫాను వచ్చిన రోజు ఆస్తమా ఉన్నవాళ్లు బయటికి రావద్దు.

ఎనిమిదో మెట్టు: అక్కడి కట్టుబాట్లు

రంజాన్‌లో పగటిపూట బయట తినడం, తాగడం, సిగరెట్ కాల్చడం నేరం. 100 దినార్ల దాకా జరిమానా, నెల దాకా జైలు. గదిలో తలుపు వేసుకుని తినవచ్చు. ఆడవాళ్ల ఫోటోలు, ప్రభుత్వ భవనాల, చమురు కేంద్రాల ఫోటోలు తీయకండి. దేశాధినేత అమీర్ గురించి, మతం గురించి, ఏ దేశం గురించి అయినా ఫేస్‌బుక్‌లో కోపంగా రాసే అలవాటుంటే విమానం ఎక్కేముందే మానుకోండి. గదిలో సారా కాచే బ్యాచ్ ఒకటి ఎక్కడైనా ఉంటుంది. ఆ గదిలో మీరు నిద్రపోతున్నా పోలీసులు మిమ్మల్నీ పట్టుకెళ్తారు. అలాంటి గది తెలిసిన రోజే ఖాళీ చేయండి.

చర్చికి వెళ్లేవాళ్లకు సిటీలో పెద్ద చర్చిలున్నాయి. శుక్రవారం సెలవు కాబట్టి ఆరాధన ఆ రోజే, తెలుగు సంఘాలూ కూడతాయి. హిందూ దేవాలయాలు బహిరంగంగా లేవు. పూజ ఇంట్లోనే. ఉగాది, సంక్రాంతికి తెలుగు సంఘాలు హాళ్లలో కార్యక్రమాలు పెడతాయి. కొత్తలో తప్పకుండా వెళ్లండి. పని పోయినప్పుడు ఫోన్ చేయడానికి నలుగురు దొరికేది అక్కడే.

నాలుగు మాటలు నేర్చుకుంటే పని సులువు. శ్లోనక్ అంటే ఎలా ఉన్నావు, జేన్ అంటే బాగుంది, మాయ్ అంటే నీళ్లు, బాచర్ అంటే రేపు, బిచం అంటే ఎంత.

తొమ్మిదో మెట్టు: డబ్బు పంపడం

దినార్‌కు వెయ్యి ఫిల్సులు, వంద కాదు. మొదట్లో అందరూ ఇక్కడ పొరబడతారు. ఆదాయపు పన్ను లేదు. ఊళ్లో ఎన్ఆర్ఈ (విదేశాల్లో ఉండే భారతీయుల) బ్యాంకు ఖాతా తెరిచి, లైసెన్సు ఉన్న ఎక్స్ఛేంజ్ ద్వారానే పంపండి. రూపాయి ఎక్కువ వస్తుందని లైసెన్సు లేకుండా డబ్బు చేరవేసే హుండీవాడికి ఇస్తే, అతను మాయమైన రోజు అడగడానికి కాగితం ఉండదు. పంపిన రసీదులు దాచండి. మీ అమ్మానాన్నల ఖాతాకు అంతా పంపేసి, తిరిగొచ్చాక చూస్తే అప్పులకూ పెళ్లిళ్లకూ అయిపోయిందని తెలిసిన మిత్రులున్నారు నాకు. ఎవరినీ తప్పుపట్టలేం. నెలకు పదోవంతు అయినా మీ పేరు మీద ఉండాలి.

పదో మెట్టు: తేడా వస్తే

జీతం ఆగినా, వేరే పని చేయించినా ముందు చేయకూడని పని పారిపోవడం. పరారీ కేసు పడితే మీ ఫిర్యాదు కంటే ఆ కేసు పెద్దదవుతుంది. 18 వాళ్లు కువైట్ ప్రభుత్వ మ్యాన్‌పవర్ అథారిటీలోని కార్మిక సంబంధాల విభాగానికి, 20 వాళ్లు అదే సంస్థలోని గృహ కార్మికుల విభాగానికి వెళ్లాలి. భారత రాయబార కార్యాలయం గల్ఫ్ రోడ్డు పక్కన దౌత్య కార్యాలయాల ప్రాంతంలో ఉంది. వాట్సాప్ హెల్ప్‌లైన్లు ఉన్నాయి. ఆ నంబర్లు ఎంబసీ వెబ్‌సైట్ నుంచి బయల్దేరే ముందే రాసుకోండి. ఇంట్లో కొడుతున్నారు, ప్రాణానికి ముప్పు అంటే మాత్రం ఆలోచించకుండా బయటపడి 112కు ఫోన్ చేయండి, లేదా నేరుగా ఎంబసీకి టాక్సీ ఎక్కండి. మీ ఊళ్లోవాళ్లు మన విదేశాంగ శాఖ ఫిర్యాదుల వెబ్‌సైట్ మదద్‌లో ఫిర్యాదు వేయవచ్చు. దానికి మీరు ఇంట్లో వదిలిన ఆ పాస్‌పోర్టు కాపీ, కఫీల్ వివరాలు కావాలి.

పదకొండో మెట్టు: ఇంటికి వచ్చేటప్పుడు

2025 జులై 1 నుంచి 18 నంబర్ వాళ్లు దేశం దాటాలంటే ఎగ్జిట్ పర్మిట్ కావాలి. ఆన్‌లైన్‌లో అడగాలి, కంపెనీ ఒప్పుకోవాలి. టికెట్ కొన్న తర్వాత కాకుండా ముందే అడగండి. ఇంట్లో చావు కబురు వచ్చినప్పుడు ఆ పర్మిట్ కోసం ఎదురుచూడటం ఎంత కష్టమో చెప్పలేను. కంపెనీలో ఆ పని చూసే మందూబ్‌తో మంచిగా ఉండండి. సెలవు మీద వెళ్తే ఆరు నెలల లోపు తిరిగి రావాలి, ఇంటి పని వాళ్లు నాలుగు నెలల లోపు.

పూర్తిగా వచ్చేస్తుంటే, అంటే ఫైనల్ ఎగ్జిట్ అయితే రెండు నెలల ముందు నుంచి పని మొదలుపెట్టండి. ట్రాఫిక్ జరిమానాలు, కరెంటు, ఫోన్ బాకీలు, బ్యాంకు లోన్ అన్నీ తీర్చాలి. ఏదైనా మిగిలితే విమానాశ్రయంలో ఆపుతారు. స్నేహితుడి లోన్‌కు హామీ సంతకం పెట్టి ఉంటే అతను కట్టాడా లేదా కనుక్కోండి. సర్వీసు డబ్బు, మిగిలిన సెలవుల డబ్బు బ్యాంకులో పడ్డాకే "అన్నీ ముట్టాయి" అనే కాగితం మీద సంతకం. ఆ కాగితం అరబీలో ఉంటుంది. చదివి చెప్పేవాళ్లను వెంట తీసుకెళ్లండి. తర్వాత అకామా రద్దు, బ్యాంకు ఖాతా మూసివేత, సిమ్ కట్. సిమ్‌ను చివరి రోజు దాకా ఉంచుకోండి, ఓటీపీలన్నీ దానికే వస్తాయి.